ఇగ్లూ అనే ఇల్లు

గ్రీన్‌లాండు వాసుల భాషలో ఇంటిని 'ఇల్లు' అంటారు. తరగతిలో ఈ మాట చెప్పగానే మా విద్యార్థులు నవ్వినారు. ఇద్దరు ముగ్గురు నోటుపుస్తకాలలో వ్రాసికొనబోయినారు కూడ. వద్దని వారించినాను. ద్రావిడ భాషలకూ ధ్రువప్రాంతపు భాషలకూ చుట్టరికం ఉన్నదని ఎవరూ నిరూపించలేదు. ఇది కేవలం కాకతాళీయం. వారి 'ఇల్లు' పూర్వపు 'ఇగ్లు' నుండి వచ్చినది. మన నోట అగ్ని అగ్గి అయినట్లే, అక్కడ గకార లకారాల కలయిక ద్విత్వ లకారమైనది. ఉచ్చారణలో కూడ అది మన లకారం కాదు, నాలుక ప్రక్కల నుండి గాలి ఊదినట్లుంటుంది. కెనడా ఉత్తర భాగంలోని వారి జ్ఞాతులు అనేకులు నేటికీ 'ఇగ్లు' అనే పలుకుతారు.

ఆ మాటను లోకమంతా అరువు తెచ్చుకొన్నది. అర్థాన్ని మాత్రం అక్కడనే విడిచివచ్చినది. ఇగ్లూ అనగానే మనకు తోచేది మంచు గుమ్మటం. వారికి ఇగ్లు అంటే ఇల్లు, అంతే. చెక్కదైనా, రాతిదైనా, మంచుదైనా ఇల్లే. మంచుతో కట్టినదానిని ప్రత్యేకించి చెప్పవలసివస్తే 'ఇగ్లువిగాక్' అంటారు. వేసవిలో వేసికొనే చర్మపు గుడారం 'తుపిక్'. రాళ్ళూ, మట్టిగడ్డలూ, తిమింగిలపు ఎముకలూ కూర్చి కట్టినది 'కర్మాక్'. గ్రీన్‌లాండులోనూ అలాస్కాలోనూ అత్యధికులు మంచు ఇంటిలో కాపురం చేసినవారే కారు. అక్కడ అది ప్రయాణంలోనో వేటలోనో తల దాచుకొనేందుకు ఏర్పడిన మజిలీ. కెనడా మధ్యోత్తర తీరాలలో ఉన్నవారికే అది శీతకాలమంతా నివాసం. మన పాఠ్యపుస్తకాలు వీరినందరినీ 'ఎస్కిమోలు' అన్నవి. ఆ పేరు ఇతరులు పెట్టినది. వారు తమను 'ఇనూయిట్' అని చెప్పుకొంటారు. మనుష్యులు అని దాని అర్థం.

ఒక మాట దగ్గరనే ఇంత పొరబడిన బయటివారు, వారికి ఇండ్లు కట్టిపెట్టవలసి వచ్చినప్పుడు ఏమి చేసినారు? దానికి ముందు మంచు ఇంటిలోనికి ఒకసారి పోయి రావలె.

అన్ని మంచూ పనికిరాదు. ఒకే తుఫానులో పడి, గాలికి గట్టిపడిన పొర కావలె. దంతంతోనో ఎముకతోనో చేసిన పొడుగాటి కత్తితో దిమ్మెలు కోసి, మొదటి వరుసను ఏటవాలుగా చెక్కుతారు. ఆ వాలు వెంబడి దిమ్మెలు మరచుట్టువలె పైకెక్కుతూ, లోపలికి ఒరుగుతూ, చివరకు ఒక్క దిమ్మెతో మూతపడతవి. లోపలికి పోయే దారి నేలమట్టం కంటె దిగువన సొరంగంవలె ఉంటుంది. చలిగాలి బరువైనది గనుక ఆ పల్లంలోనే నిలిచిపోతుంది. వెనుకభాగాన ఎత్తుగా మంచు అరుగు. దానిమీద చర్మాలు పరచి ఇంటిల్లిపాది ఒకే వరుసన, ద్వారం వైపు తలలు పెట్టి పడుకొంటారు. మంచినీటి సరస్సు మీది మంచుగడ్డ పలకే కిటికీ. పైన గాలిపోయే చిన్న రంధ్రం. బయట సున్నకు దిగువ 40 డిగ్రీల చలి ఉన్నప్పుడు లోపల సున్నకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. అరుగుమీద మరికొంత వెచ్చన.

ఈ వెచ్చదనానికి ఆధారం ఒక దీపం. మెత్తని రాతిలో తొలిచిన అర్ధచంద్రాకారపు ప్రమిద, అందులో సీలు కొవ్వు, అంచు పొడవునా నాచువత్తి. దీనిని 'కుల్లిక్' అంటారు. వంట, వెలుగు, వెచ్చదనం, తడిసిన చెప్పులను ఆరబెట్టడం, త్రాగేనీటికి మంచు కరగించడం అన్నీ దానిమీదనే. వత్తిని ఎగద్రోస్తూ, పొగ రాకుండ సవరిస్తూ కనిపెట్టి ఉండేది ఇంటి ఇల్లాలు. 'ఇంటికి దీపం ఇల్లాలు' అని మనం ఉపమానంగా చెప్పుకొన్నది వారియెడ అక్షరాలా నిజం. ఆమె దీపం ప్రక్కన కూర్చున్నచోటి నుండి ఇల్లంతా కనబడుతుంది: వచ్చేవాడు, పడుకొన్న పసివాడు, పనిముట్టు చెక్కుతూ ఉన్న మగడు. గోడలు లేవు గనుక చాటు లేదు. పిల్లవాడు సూదిపనిగాని వేటపనిగాని పాఠంగా నేర్వడు, చూచి నేరుస్తాడు. అన్నదమ్ముల కుటుంబాలు కలిసి ఉండదలిస్తే గుమ్మటాలను సొరంగాలతో జోడిస్తారు. చుట్టరికం ఎట్లా అల్లుకొంటే ఇల్లు అట్లా అల్లుకొంటుంది.

లోకం ఈ ఇంటి లోపలిని మొదట చూచినది తెరమీద. రాబర్ట్ ఫ్లాహర్టీ అనే అమెరికా దేశస్థుడు హడ్సన్ అఖాతపు తూర్పు తీరాన ఇనుక్జువాక్ ప్రాంతంలో తీసిన 'నానూక్ ఆఫ్ ది నార్త్' అనే మూకచిత్రం 1922లో విడుదలైనది. మామూలు మంచు ఇంటిలో కెమెరాకు చోటు చాలలేదు, వెలుతురు అంతకన్నా చాలలేదు. పెద్దది కట్టబోతే కప్పు కూలినది. చివరకు ఒక ప్రక్క తెరచిన సగం ఇల్లు కట్టించి, ఆ చలిలో ఆ కుటుంబం నిద్రించినట్లు, మేలుకొన్నట్లు నటింపజేసి చిత్రం పూర్తిచేసినారు. చూచేవాడి సౌకర్యానికై ఉండేవాడి గోడ తీసివేసిన ఆ సంగతి నాకు చాల రోజులు మనస్సులో మెదులుతూనే ఉన్నది. తరువాతి కథ అంతా ఈ సగం ఇంటిలోనే ఉన్నదేమో!

1953లో కెనడా ప్రభుత్వం ఆ ఇనుక్జువాక్ నుండే కొన్ని కుటుంబాలను ఓడ ఎక్కించి, దాదాపు 2000 కిలోమీటర్లు ఉత్తరాన ఉన్న గ్రీస్ ఫియర్డ్, రెజొల్యూట్ అనే చోట్ల దింపినది. 1955లో మరికొన్ని కుటుంబాలు పోయినవి. ఫ్లాహర్టీకి అక్కడి స్త్రీవలన కలిగిన కుమారుడు జోసెఫీ వారిలో ఒకడు. వేట బాగుంటుందని, రెండేండ్లకు తిరిగి రావచ్చునని చెప్పినారు. అక్కడ శీతకాలంలో నెలల తరబడి సూర్యుడే కనబడడు. మొదటి చలికాలం గుడారాలలో గడచినది. రెజొల్యూట్‌లో దింపబడినవారు సమీపపు వైమానిక స్థావరం పారవేసిన చెత్తలో చెక్కముక్కలు ఏరుకొని ఇండ్లు కట్టుకొన్నారు. తిరిగి పోనిస్తామన్న మాట ఆ గడువులో చెల్లలేదు. 2010లో ప్రభుత్వం క్షమాపణ చెప్పినది.

మిగిలిన ఇనూయిట్లు కూడ 1950, 60 దశకాలలో క్రమంగా సంచారజీవనం మానుకొని స్థిరగ్రామాలలో చేరినారు. కొందరు బడికోసం, కొందరు వైద్యంకోసం, కొందరు అధికారుల ఒత్తిడివలన. 1959 మొదలు ప్రభుత్వం చిన్న చిన్న చెక్క ఇండ్లు పంపినది. ఒకటే గది. జనం వాటికి 'అగ్గిపెట్టెలు' అని పేరు పెట్టినారు. వాయిదాలమీద కొనవలెనన్నారు, వేటగాండ్ర వద్ద వాయిదాలు కట్టే రొక్కమేది? 1960 దశకం మధ్యలో అద్దె పద్ధతి వచ్చినది, దానితో మూడు పడకగదుల ఇండ్లు వచ్చినవి. పటాలు దక్షిణాది పట్టణాలలో గీసినవి. తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు అనే కుటుంబాన్ని మనస్సులో ఉంచుకొని గీసినవి.

ఆ ఇంట ఒక సీలును కోయవలెననుకొందాము. అంత జంతువు వంటగదిలోని తొట్టిలో పట్టదు. కనుక ముందుగదిలో అట్టలు పరచి నేలమీదనే కోస్తారు. చుట్టూ కూర్చుండి అక్కడనే తింటారు. అది అలవాటు మాత్రమే కాదు, అదే విందు, అదే పంపకం. పచ్చి చర్మాన్ని వెచ్చని గదిలో ఉంచితే ఎండి పాడవుతుంది. దానికి చల్లని చోటు కావలె. పటంలో చల్లని గది లేదు. మంచు దులుపుకొని, బరువైన చర్మపు దుస్తులు విడిచిపెట్టే చావడి లేదు, ఉన్నా ఇద్దరు పట్టరు. వంటగదికి గోడ పెట్టినందున ఇల్లాలు ఇంటివారికి వీపుపెట్టి నిలుచున్నది. వెచ్చదనం ఎక్కడో మూలనున్న నూనెకొలిమి నుండి వస్తుంది. దాని ప్రక్కన ఎవ్వరూ కూర్చోరు. కాల్గరీ విశ్వవిద్యాలయపు పురావస్తు శాస్త్రజ్ఞుడు పీటర్ డాసన్ పాత నివాసాల శిథిలాలను చదివినట్లే ఆర్వియాట్ అనే గ్రామంలో నేటి ఇండ్లను కూడ చదివినాడు. ఎవరు ఏ గదిలో ఏమి చేస్తున్నారో గుర్తించి చూచినాడు. గదులకు శిల్పి పెట్టిన పేర్లు ఒకటి, అందులో జరిగే పనులు మరొకటి.

ఇట్లా చెప్పినంతమాత్రాన ఇనూయిట్లందరూ మంచు ఇండ్లకు తిరిగిపోవాలని కోరుతున్నారనుకోరాదు. ఆ భ్రమ మనవంటి దూరపు పాఠకులకే కలుగుతుంది. మంచు ఇంటి కప్పు కారుతుంది, దీపపు మసి పట్టుతుంది, వేట తప్పితే దీపమే ఉండదు. నేటి యువదంపతులు తలుపు వేసికొనే గది ఒకటి కావాలంటే తప్పేమున్నది? వారికి కావలసినది వెనుకటి ఇల్లు కాదు. తమ్ము అడిగి కట్టిన ఇల్లు. అంతకంటె ముందు, చాలినన్ని ఇండ్లు.

కొరత అంత తీవ్రమైనది. కెనడాలోని ఇనూయిట్ భూభాగాలలో నివసించే ఇనూయిట్లలో సగంమందికి పైగా ఇరుకు ఇండ్లలో ఉన్నారని 2021 జనాభా లెక్కలు తెలిపినవి. మంచు ఇంటిలో కూడ ఒకే అరుగుమీద అందరూ పడుకొన్నారు గదా అని ఎవరైనా అడుగవచ్చు. అది ఒక కుటుంబానికి సరిపడేటట్లు వారు కట్టుకొన్నది. చాలకపోతే ఇంకొకటి కట్టుకోగలిగినది. ఇక్కడ మూడు తరాలవారు, వెళ్ళడానికి మరో ఇల్లు లేనివారు, చలికి బిగించి మూసిన చెక్కపెట్టెలో వంతులవారీగా నిద్రిస్తున్నారు. గాలి మారదు. పసిపిల్లలకు ఊపిరితిత్తుల జబ్బులు. క్షయవ్యాధి ఇంకను వదలలేదు. 1950 దశకంలో క్షయ సోకినవారిని 'సి.డి.హౌ' అనే ఓడలో దక్షిణాదికి తీసికొనిపోయేవారు. పలువురు తిరిగిరాలేదు, ఎక్కడ సమాధి చేసినదీ బంధువులకు తెలియలేదు. దానికి 2019 మార్చిలో ప్రధానమంత్రి జస్టిన్ ట్రూడో ఇకాలుయిట్ నగరంలో క్షమాపణ చెప్పినాడు. క్షమాపణలు వరుసగా వస్తూ ఉన్నవి. ఇండ్లు ఆ వేగాన రావడంలేదు.

శిల్పులు ఊరకున్నారనడం న్యాయం కాదు. స్వీడనులో స్థిరపడిన ఆంగ్లేయుడు రాల్ఫ్ ఎర్‌స్కిన్ 1970 దశకంలో రెజొల్యూట్‌కు ఒక కొత్త ఊరు ఊహించినాడు. గాలిని అడ్డుకొనే కోటగోడ వంటి పొడవైన భవనం, దాని ఒడిలో ఇండ్లు. గొప్ప ఊహయే. కొంత కట్టినారు, మధ్యలో ఆగిపోయినది. నాకు ఇటువంటి మహా ఊహలకంటె, చిన్న ఇండ్ల కథలే ఎక్కువ ఆశ కలిగిస్తున్నవి.

అలాస్కాలో బ్రూక్స్ పర్వతాల నడుమ అనాక్టువుక్ పాస్ అనే ఊరున్నది. రోడ్డు లేదు, విమానమే గతి. అక్కడివారు కారిబూ అనే దుప్పిని వేటాడి బ్రతికిన నూనామ్యూట్లు. అలాస్కా ఇనూయిట్లలో ఒక శాఖ. ఫెయిర్‌బాంక్స్‌లోని శీతలప్రాంత గృహ పరిశోధన కేంద్రం వారు 2009లో అక్కడ ఒక నమూనా ఇల్లు కట్టినారు. పటం గీయక ముందు గ్రామపెద్దలతో కూర్చున్నారు. వెనుకటి మట్టి ఇండ్లు ఎట్లా ఉండేవని అడిగినారు. ఆ పిదప గోడలకు మట్టి ఎగదోసి, కప్పుమీద పచ్చికగడ్డలు పరచినారు. పూర్వులకు తెలిసిన కిటుకునకు నేటి ఉష్ణనిరోధక పదార్థాలు జోడించినారంతే.

కెనడాలో క్యూబెక్ రాష్ట్రపు ఉత్తర భాగం నునావిక్. అక్కడ 2012లో కూజ్జువాక్ పట్టణంలో గృహశాఖవారు శిల్పులనూ, ఊరివారినీ ఒకచోట కూర్చోబెట్టి ఇల్లు ఎట్లా ఉండవలెనో చర్చింపజేసినారు. దాని ఫలితంగా క్వాక్టాక్ గ్రామంలో జంట ఇల్లు ఒకటి లేచినది. దానికి ముందు ఒక చల్లని చావడి, దాని లోపల ఒక వెచ్చని చావడి. వంటకూ కూర్చోవడానికీ మధ్య గోడ లేని విశాలమైన చోటు. ఏండ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేల ఇప్పుడు వాతావరణం వేడెక్కి అక్కడక్కడ కరగుతూ ఉన్నందున, ఇల్లు ఒరిగితే సరిచేసికొనేందుకు వీలుగా క్రింద ఉక్కు ఆధారాలు పెట్టినారు. ఈ చావడి సంగతి పటం గీసేవారికి చెప్పడానికి అర్ధశతాబ్దం పట్టినది!

ఇవి నమూనాలు. నమూనాకూ ఊరికీ మధ్య సముద్రమున్నది. ఇది అలంకారం కాదు. నునావుట్ అనే భూభాగం 1999 ఏప్రిల్ 1న ఏర్పడినది. అందులోని 25 ఊళ్ళలో ఒక దానినుండి మరొకదానికి రోడ్డు లేదు. దూలం, మేకు, కిటికీ, రంగుడబ్బా సమస్తమూ ఓడలో రావలె. సముద్రం విడిచి ఉండే రోజులు వేసవిలో కొద్ది వారాలే. ఆ ఓడలో ఒక పెట్టె ఎక్కకపోతే, ఆ ఇంటి గోడ మళ్ళీ సముద్రం విడిచేవరకు నిలబడదు.