ఊరి దారిలో వాహన వేగము – పంచాయతీ కర్తవ్యము

గ్రామమునకు దారి ప్రాణము వంటిది. దారి లేనిదే పంట అంగడికి చేరదు. రోగి ఆసుపత్రికి చేరడు. పిల్లవాడు బడికి చేరడు. అట్టి దారియే ప్రాణములను హరించు స్థలముగా మారినప్పుడు గ్రామ పెద్దలు ఊరకుండుట తగునా? వాహనముల వేగమును అదుపు చేయుట పోలీసువారి పని యని, పంచాయతీకి అందు చేయదగినది లేదని పలువురు తలచుచున్నారు. ఈ తలంపు సరియైనది కాదు.

తెల్లాపూరు చెప్పు పాఠము

సంగారెడ్డి జిల్లాలోని తెల్లాపూరు 2018వ సంవత్సరము వరకు గ్రామ పంచాయతీయే. దానికి ఒక వైపున రామచంద్రాపురము భెల్ కర్మాగారము, పటాన్‌చెరు పారిశ్రామిక వాడ కలవు. పూణే నుండి మచిలీపట్నము పోవు 65వ సంఖ్య జాతీయ రహదారి ఆ ప్రాంతము మీదుగానే సాగుచున్నది. 158 కిలోమీటర్ల పొడవు గల బాహ్యవలయ రహదారియు సమీపముననే యున్నది. పొరుగున నున్న కొల్లూరులో 15,660 ఇండ్ల సముదాయమును 2023 జూన్ 22న ప్రారంభించిరి. పొలములుండిన చోట నేడు బహుళ అంతస్తుల భవనములు నిలిచినవి.

ఇది అభివృద్ధియే, సంతోషింపదగినదే. కాని భవనము లేచుటకు కంకర, ఇసుక, సిమెంటు కావలెను. వానిని తెచ్చు టిప్పర్లు, రెడీమిక్స్ లారీలు, నీటి ట్యాంకర్లు ఊరి దారులలోనికే రావలెను. ఎడ్లబండికి, సైకిలుకు చాలునని వేసిన దారిలో నేడు బడి బస్సు, కంకర టిప్పరు, మోటారు సైకిలు, నడచిపోవు ముసలివాడు ఒక్కటిగా సాగవలసి వచ్చినది. నగరము చేరువగుచున్న ప్రతి గ్రామమునకు ఇదే స్థితి నేడో రేపో రాగలదు. కావున తెల్లాపూరు వంటి ఊళ్ళను చూచి ఇతర గ్రామములు ముందే మేల్కొనవలెను.

2025 నవంబరు 3వ తేదీ ఉదయమున రంగారెడ్డి జిల్లా చేవెళ్ళ సమీపమున మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు, తాండూరు నుండి వచ్చుచున్న ఆర్టీసీ బస్సు ఢీకొనగా 19 మంది మరణించిరి. టిప్పరులోని కంకర బస్సులోనికి దొర్లి ప్రయాణికులను కప్పివేసెను. దారి వెడల్పుగా నున్నంత మాత్రమున ప్రమాదము తప్పునని అనుకొనరాదు. 2024 ఫిబ్రవరి 23న పటాన్‌చెరు సమీపమున, విశాలమైన బాహ్యవలయ రహదారి పైననే, సికింద్రాబాదు కంటోన్మెంటు శాసనసభ్యురాలు లాస్య నందిత కారు ప్రమాదమున అసువులు బాసిరి.

కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారము 2022లో దేశమున రహదారి ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వీరిలో నూటికి 71 మంది అతివేగము కారణముగా జరిగిన ప్రమాదములలో మరణించినవారే.

వేగమునకు గల బలము

వేగము రెట్టింపైనచో తాకుడు బలము రెట్టింపు మాత్రమే కాదు, నాలుగు రెట్లగును. డ్రైవరు అపాయమును చూచి బ్రేకు తొక్కుటకే సుమారు ఒక క్షణము పట్టును. ఆ తరువాత గాని బండి నిలుచుట మొదలు కాదు. పొడిగా నున్న మంచి రోడ్డుపై గంటకు 40 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు నిలుచుటకు సుమారు 20 మీటర్లు కావలెను. 60 కిలోమీటర్ల వేగమైనచో సుమారు 37 మీటర్లు, 80 అయినచో 58 మీటర్లు కావలెను. బరువు నిండిన లారీకి, తడిసిన రోడ్డుకు ఇంతకన్న ఎక్కువ దూరము అవసరము.

దీనిని మన బడి ముందు నిలిచి ఆలోచింపుడు. 30 మీటర్ల దూరమున ఒక బాలిక రోడ్డు దాటుచున్నది. 40 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు ఆమెకు 10 మీటర్ల ఇవతలనే నిలిచిపోవును. 60 కిలోమీటర్ల వేగముతో వచ్చునది ఆమెను తాకునప్పటికి ఇంకను 35 కిలోమీటర్ల వేగముతో నుండును. ఇంతకును ఆ డ్రైవరునకు మిగిలిన కాలమెంత? రెండు కిలోమీటర్ల ఊరిని 60 వేగముతో దాటిన రెండు నిమిషములు, 30 వేగముతో దాటిన నాలుగు నిమిషములు పట్టును. ఆ రెండు నిమిషముల కొరకే ఈ ప్రాణభయము.

చట్టము ఏమి చెప్పుచున్నది?

చట్టము లేదనుటకు వీలు లేదు. 1988 మోటారు వాహనముల చట్టము 112వ విభాగము మితిమీరిన వేగమును నిషేధించుచున్నది. 2018లో కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన ప్రకారము సాధారణ రహదారులపై సరుకు వాహనములకు, మోటారు సైకిళ్ళకు గరిష్ఠ వేగము 60 కిలోమీటర్లు. ప్రజా భద్రత కొరకు రాష్ట్ర ప్రభుత్వము ఇంకను తక్కువ వేగమును నిర్ణయింపవచ్చును. టిప్పర్లు, ట్యాంకర్లు, బడి బస్సులు 60 కిలోమీటర్లు మించకుండ వేగ నియంత్రణ యంత్రము అమర్చవలెనని నియమము కలదు. పదునెనిమిదేండ్లు నిండని పిల్లవాడు మోటారు వాహనము నడిపి నేరము చేసినచో, 2019 సవరణ ప్రకారము సంరక్షకునికి, వాహన యజమానికి మూడేండ్ల వరకు కారాగారము, రూ. 25,000 జరిమానా విధింపవచ్చును. నిర్లక్ష్యముగా నడిపి ప్రాణము తీసినవానికి 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 106వ విభాగము క్రింద అయిదేండ్ల వరకు శిక్ష కలదు.

అమలు ఎచ్చట సడలుచున్నది?

శిక్ష ఎంత పెద్దదైనను, అది తప్పదను నమ్మకము లేనిచో ఎవరును భయపడరు. చిన్న జరిమానాయైనను ప్రతిసారి పడునని తెలిసినచో డ్రైవరు వేగము తగ్గించును. పోలీసు, రవాణా శాఖల సిబ్బంది పరిమితము. వారి తనిఖీ పెద్ద రహదారులపైననే ఎక్కువ. ఊరి లోపలి దారి వారి కంటికి తరచుగా పడదు.

మరియొక కారణమును కూడ దాచక చెప్పుకొనవలెను. పట్టుబడిన బండి మనవాడిదైనప్పుడు “వదలిపెట్టుడు” అని ఠాణాకు ఫోను చేయునది తరచుగా ఊరి పెద్దలే. మన మేనల్లుడు లైసెన్సు లేక మోటారు సైకిలు తోలినను, మన బంధువు టిప్పరు మితిమించిన బరువుతో పోయినను చూచీ చూడనట్లుందుము. ఇతరుల బండి మన పిల్లవానిని తాకినప్పుడు మాత్రము చట్టమేదని అడుగుదుము. చట్టము మొదట సడలునది ఇచ్చటనే. దానిని మొదట బిగింపగలవారును మనమే.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది: గ్రామసభలో ఈ విషయమును చర్చించి తీర్మానము చేయుడు. ప్రమాదములు తరచుగా జరుగు మలుపు, బడి, బస్సు నిలుచు చోటు, రోడ్డు దాటు చోటు పేర్కొనుడు. ఏ వేళ ఏ విధమైన బండ్లు వేగముగా పోవుచున్నవో పదిదినములు పుస్తకమున వ్రాసి తీర్మానమునకు జతపరచుడు. వట్టి ఫిర్యాదు కన్న లెక్కతో కూడిన తీర్మానమునకు విలువ ఎక్కువ. దీనిని పోలీసు, రవాణా శాఖలకు, జిల్లా కలెక్టరు అధ్యక్షతన గల జిల్లా రహదారి భద్రతా సంఘమునకు పంపుడు. వేగ పరిమితి బోర్డులను, బడి వేళలలో భారీ వాహనముల నిషేధమును కోరుడు.

రెండవది: ఊరిలో కట్టడములు జరుపుచున్న కంట్రాక్టర్లను, టిప్పరు యజమానులను పిలిచి మాట్లాడుడు. ట్రిప్పుకింత చొప్పున కూలి ఇచ్చిన డ్రైవరు తొందరపడుట సహజము. బడి వేళలలో బండ్లు రాకుండుటకు, కంకరపై పట్టా కప్పుటకు వారిచేత వ్రాతపూర్వకముగా ఒప్పించుడు.

మూడవది: పంచాయతీ అధీనములోని దారులలో దీపములు వెలిగించుడు, మలుపుల వద్ద చూపునకడ్డమగు ముండ్లకంపను నరికించుడు. వేగ నిరోధక దిబ్బలను ఇష్టము వచ్చినట్లు వేయింపరాదు. ఎత్తైన దిబ్బ రాత్రివేళ మోటారు సైకిలు వానిని పడద్రోయును. భారత రహదారుల కాంగ్రెసు నిర్ణయించిన దిబ్బ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. దానిని ఇంజనీరు సలహాతో, తెల్లని చారలతో, హెచ్చరిక బోర్డుతో వేయింపవలెను.

నాలుగవది: పట్టుబడిన బండిని విడిపింపుమని ఏ సభ్యుడును సిఫారసు చేయడని పంచాయతీ సమావేశమున నిశ్చయము చేసికొనుడు. దీనికి ఖర్చు లేదు. ఫలము మాత్రము పెద్దది.

ప్రమాదము జరిగినప్పుడు

గాయపడినవానిని ముట్టుకొన్న కేసు మీద పడునను భయము వలదు. సద్భావముతో సాయపడినవారికి చట్టము 134-ఏ విభాగమున రక్షణ కల్పించినది. వెంటనే 108 గాని, 112 గాని పిలువుడు. 2025 మే 5న ప్రకటించిన పథకము ప్రకారము ప్రమాద బాధితునికి ఏడు దినముల వరకు, రూ. 1,50,000 మించకుండ నగదు చెల్లింపనవసరము లేని చికిత్స లభింపవలెను. ఢీకొట్టిన బండి ఆపక పారిపోయి, దాని జాడ తెలియనప్పుడు, మరణించినవారి కుటుంబమునకు రూ. 2,00,000, తీవ్రముగా గాయపడినవారికి రూ. 50,000 పరిహారము 2022 ఏప్రిల్ 1 నుండి కలదు. ఈ సంగతి తెలియక పేద కుటుంబములు హక్కును కోల్పోకుండ చూచుట సభ్యుల ధర్మము.

దారి మనది, దానిపై నడచు పిల్లలును మనవారే. పోలీసువారు దినమునకొక గంట మన దారిలో నిలువవచ్చును. పంచాయతీ ఇరువదినాలుగు గంటలు అచ్చటనే యుండును. వచ్చు గ్రామసభ కార్యక్రమ పట్టికలో ఈ విషయమును మొదటి అంశముగా చేర్చుడు. బడికి పోయిన బిడ్డ సాయంకాలమునకు క్షేమముగా ఇల్లు చేరు గ్రామమే అభివృద్ధి చెందిన గ్రామము.