ఒక్క కుట్టు వస్తే చాలు, పాపాయికి స్వెట్టరు!

కార్తీకం దాటిందంటే మన్యంలో చలి ముదురుతుంది. లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు ప్రాంతాల్లో డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దెక్కినా మంచు విడవదు. చాలా రోజులు తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు దిగుతుంది. పెద్దవాళ్ళు నెగడు వేసుకుని చలి కాచుకుంటారు. పుట్టి పది రోజులైనా కాని పసికందుకు ఆ వీలు లేదు.

పసిబిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి. బిడ్డ ఒంట్లో కొవ్వు తక్కువ, చర్మం పలుచన. అందుకే వేడి త్వరగా పోతుంది. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. చలికాలంలో కాన్పు ఉన్న ఇంట్లో ఒక స్వెట్టరు సిద్ధంగా ఉండడం ఎంతో అవసరం. అల్లిక అసలు రానివారు కూడా దీన్ని కొద్ది రోజుల్లో అల్లుకోవచ్చు.

కావలసినవి

మధ్యరకం మందం ఊలు 100 గ్రాములు, 4 మిల్లీమీటర్ల అల్లిక సూదులు ఒక జత, పెద్ద కన్ను ఉన్న మొద్దు మొన సూది ఒకటి, టేపు, టిచ్ బటన్లు రెండు. ఊలు మొత్తం ఒకేసారి కొనాలి. తర్వాత తెచ్చిన ఉండలో రంగు కాస్త తేడా రావచ్చు. పాత పద్ధతి నంబర్ల ప్రకారం ఈ సూదులు 8వ నంబరువి. ఆ పద్ధతిలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది.

బజారులో ఊలు పేరుతో అమ్మేదానిలో చాలావరకు అక్రిలిక్ నూలే. చిన్న పోగు కాల్చి చూస్తే తెలుస్తుంది. అసలు ఊలు వెంట్రుక కాలిన వాసనతో బూడిదవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి ఉండ కడుతుంది. ఉతకడానికి అక్రిలికే సులువు. కాని అది వేసిన బిడ్డను పొయ్యి దగ్గరకు, కుంపటి దగ్గరకు తీసుకుపోకూడదు.

అల్లే పద్ధతి

మొదట ఒక జారుముడి వేసి సూదికి ఎక్కించాలి. తర్వాత ఊలును బొటనవేలి చుట్టూ చుట్టి, ఆ ఉచ్చును సూదికి ఎక్కించి బిగిస్తే ఒక కుట్టు. ఇలా కావలసినన్ని ఎక్కించుకోవాలి. మరీ బిగిస్తే రెండో సూది దూరదు.

కుట్లున్న సూదిని ఎడమ చేత పట్టుకోండి. కుడి సూది మొనను మొదటి కుట్టులోకి ముందునుంచి వెనక్కి దూర్చండి. వెనక ఉన్న ఊలును ఆ మొన చుట్టూ ఒకసారి తిప్పి, ఆ పోగును కుట్టులోంచి ముందుకు లాగండి. పాత కుట్టును ఎడమ సూది నుంచి జార్చేయండి. వరుస అయ్యాక సూదులు చేతులు మార్చుకుని మళ్ళీ ఇదే పని. ఈ స్వెట్టరుకు ఇంతకు మించి మరో కుట్టు అక్కర లేదు.

ముందుగా 20 కుట్లతో ఒక చిన్న ముక్క అల్లి కొలవాలి. వెడల్పు 4 అంగుళాలు రావాలి. తక్కువ వస్తే లావు సూదులు, ఎక్కువ వస్తే సన్న సూదులు తీసుకోవాలి. ఈ కొలత చూడకుండా మొదలుపెడితే స్వెట్టరు బిడ్డకు పట్టకపోవచ్చు.

ఐదు ముక్కలు

వీపు ముక్కకు 46 కుట్లు, పొడవు 9 అంగుళాలు. ముందు ముక్కలు రెండింటికి 26 కుట్ల చొప్పున, పొడవు 9 అంగుళాలే. చేతులు రెండింటికి 36 కుట్ల చొప్పున, పొడవు 5½ అంగుళాలు. అన్నీ నలుచదరపు ముక్కలే. రెండు వరుసలు అల్లితే చేను గట్టులా ఒక గీత పైకి తేలుతుంది. జత ముక్కల్లో ఈ గట్లు లెక్కపెట్టి సమానంగా ఉంచుకోవాలి. పది వరుసలకోసారి కుట్లు కూడా లెక్కించాలి. కొత్తవాళ్ళకు అంచుల్లో కుట్టు పెరగడం, మధ్యలో జారిపోవడం మామూలే. లెక్క తప్పితే అక్కడికి విప్పి మళ్ళీ అల్లవచ్చు.

ముక్క పూర్తయ్యాక రెండు కుట్లు అల్లి, మొదటిదాన్ని రెండోదాని మీదుగా దాటించి వదలాలి. మరొకటి అల్లి మళ్ళీ దాటించాలి. చివరి కుట్టులోంచి ఊలు కొస లాగేస్తే ముక్క మూసుకుంటుంది.

వీపు ముక్క మీద ముందు ముక్కలు పరచి, భుజాల దగ్గర బయటి అంచు నుంచి 2¾ అంగుళాలు మాత్రమే కుట్టాలి. మిగిలింది మెడ. ముందు ముక్కల లోపలి మూలలు వెనక్కి మడిస్తే అవే కాలరు. చేతి ముక్క నడిమి భాగాన్ని భుజం కుట్టుకు ఆనించి అతకాలి. ఆపైన చంక నుంచి కింది దాకా పక్కలు, చేతులు కుట్టేయాలి. ముందు ముక్కలు ఒకదానిమీద ఒకటి కాస్త ఎక్కుతాయి. బటన్లు అక్కడ గట్టిగా కుట్టాలి.

కాన్పుకు ముందే కొత్తబట్టలు సిద్ధం చేయకూడదని కొన్ని ఇళ్ళలో పట్టింపు ఉంది. అలాంటివారు ముక్కలు మాత్రం అల్లి ఉంచుకుని, బిడ్డ పుట్టాక అతికించుకోవచ్చు. అది ఒక పూట పని.

వేసేటప్పుడు జాగ్రత్తలు

స్వెట్టరు ముందు తెరుచుకుంటుంది కనుక తల మీదుగా లాగే బాధ లేదు. లోపల మెత్తని నూలు జుబ్బా వేయాలి. మెడ దగ్గర నాడాలు, రిబ్బన్లు, పిన్నీసులు వద్దు. వదులైన బటన్ నోట్లోకి పోతే ప్రాణానికే ముప్పు. మెడ చెమర్చితే ఒక బట్ట తగ్గించాలి. నిద్రలో దుప్పటి ముఖం మీదికి రాకూడదు.

ఒక్క సంగతి మరవరాదు. స్వెట్టరు తనంత తాను వేడి పుట్టించదు, బిడ్డ ఒంట్లోని వేడిని బయటకు పోనివ్వదు, అంతే. బిడ్డ పొట్ట, పాదాలు అప్పుడప్పుడు తాకి చూడాలి. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే బిడ్డ చలికి గురవుతున్నట్టు. అప్పుడు తల్లి తన ఎద మీద చర్మానికి చర్మం ఆనేలా పడుకోబెట్టుకుని, పైన దుప్పటి కప్పుకుని పాలివ్వాలి. పొట్ట కూడా చల్లబడినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా 108కి కబురు చేయాలి. ఆసుపత్రికి వెళ్ళే దారి పొడవునా బిడ్డను తల్లి ఎద మీదే ఉంచాలి.