ప్లాస్మాలో స్పిన్ నిలుస్తుందా?

కణాలకు ఎంత శక్తినిచ్చిందన్న లెక్కతోనే త్వరణ యంత్రం గొప్పదనాన్ని తేల్చడం పరిపాటి. ఆ కణాల స్పిన్‌లు (వాటి సహజ భ్రమణ గుణం) ఎటు మళ్లి ఉన్నాయన్నదీ అంతే ముఖ్యమని 1990లలో అమెరికాలోని స్లాక్ ప్రయోగశాల చూపించింది. జెనీవా దగ్గరి లెప్ యంత్రంలో నాలుగు ప్రయోగాలు కలిసి బలహీన బలాన్ని మోసే జెడ్ బోసాన్లను సుమారు 1.7 కోట్లు నమోదు చేస్తే, స్లాక్‌కు దక్కినవి 5 లక్షల పైచిలుకే. అయినా విద్యుదయస్కాంత, బలహీన బలాల మిశ్రమ కోణాన్ని కొలవడంలో అది లెప్‌కు దీటుగా నిలిచింది. అక్కడి ఎలక్ట్రాన్ల ధ్రువణం, అంటే స్పిన్‌లు ఒకే వైపు మళ్లి ఉండే మేర, 70 శాతం దాటడమే అందుకు కారణం. స్పిన్‌ను ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి మారిస్తే, పుట్టే జెడ్‌ల సంఖ్యలో వచ్చే తేడాయే ఆ కోణాన్ని చెప్పేస్తుంది.

ఇప్పుడు కిలోమీటర్ల పొడవు యంత్రాల పనిని సెంటీమీటర్లలో చేస్తామంటూ లేజర్-ప్లాస్మా పద్ధతి ముందుకొచ్చింది. ఇందులో లేజరు వాయువును ప్లాస్మాగా మార్చి, తన వెనుక ఏర్పడే బుడగలో ఎలక్ట్రాన్లను ముందుకు నెడుతుంది. 2019లో బర్క్‌లీ శాస్త్రవేత్తలు 20 సెంటీమీటర్ల ప్లాస్మాలో ఎలక్ట్రాన్లను 780 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులకు చేర్చారు. లేజరు దెబ్బకు పరమాణువులే ముక్కలయ్యే చోట స్పిన్ ఎలా నిలుస్తుందన్న సందేహం సహజమే. అయితే 20 సెంటీమీటర్లు దాటడానికి పట్టేది నానోసెకను లోపే. కణాల తాకిడులు స్పిన్‌ను తారుమారు చేయడానికి ఆ వ్యవధి చాలదు. కణాన్ని సూటిగా ముందుకు నెట్టే విద్యుత్ క్షేత్రం స్పిన్‌ను తిప్పదు. అసలు ముప్పు మొదట్లోనే ఉంది. ఎలక్ట్రాన్లు ఇంకా వేగం పుంజుకోని దశలో, ప్రవాహం చుట్టూ వలయంగా ఏర్పడే అయస్కాంత క్షేత్రం ఒక్కో ఎలక్ట్రాన్ స్పిన్‌ను ఒక్కో వైపు తిప్పుతుంది. దాంతో సగటు ధ్రువణం పడిపోతుంది. కాబట్టి ప్రవాహాన్ని అదుపులో ఉంచి, లేజరు ఆకృతిని సరిదిద్దితే ధ్రువణాన్ని చాలావరకు కాపాడుకోవచ్చు.

అయితే ఉన్నదాన్ని కాపాడుకోగలమే తప్ప, లేనిదాన్ని ప్లాస్మా పుట్టించలేదు. వలయాకార యంత్రాల్లో ఎలక్ట్రాన్లు తిరుగుతూ తిరుగుతూ వాటంతట అవే ధ్రువణం పొందుతాయి గానీ, అందుకు నిమిషాలు, ఒక్కోసారి గంటలు పడుతుంది. బయట తయారుచేసిన ఎలక్ట్రాన్లను లోపలికి పంపవచ్చు కదా అంటే, దాదాపు కాంతివేగంతో పరుగెత్తే మైక్రాన్ల పరిమాణపు ప్లాస్మా బుడగలోకి వాటిని ఫెమ్టోసెకన్ల కచ్చితత్వంతో చొప్పించడం మహా కష్టం. అందుకే ముందుగా వాయువునే సిద్ధం చేయాలి. వృత్తధ్రువిత అతినీలలోహిత కాంతితో హైడ్రోజన్ క్లోరైడ్‌ను విడగొడితే, విడుదలైన హైడ్రోజన్ పరమాణువుల్లో ఎలక్ట్రాన్లు ధ్రువణంతో పుడతాయి. కానీ 0.35 నానోసెకన్లలో ఆ ధ్రువణం కేంద్రకానికి మారిపోతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. త్వరణమిచ్చే లేజరు సరిగ్గా ఆ అదను చూసి తాకాలి.

జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ముందే ధ్రువణం కల్పించిన హీలియం-3 వాయువుపై లేజరు ప్రయోగించినప్పుడు, వెలువడిన అయాన్లలో ధ్రువణం నిలిచిన జాడలు కనిపించాయి. హీలియం-3 కేంద్రకపు అయస్కాంత భ్రామకం ఎలక్ట్రాన్‌దానిలో దాదాపు వెయ్యో వంతే కాబట్టి, ఇది ఎలక్ట్రాన్లకూ వర్తిస్తుందని అనలేమన్న ఆక్షేపణ న్యాయమైనదే. ఎలక్ట్రాన్లతో ఆ రుజువు కోసమే హాంబర్గ్‌లోని డెజీ సంస్థ పూనుకుంది. ఈ శ్రమ దండగ కాదు. ధ్రువణం సగానికి తగ్గితే, అదే కచ్చితత్వం రావడానికి 4 రెట్ల ఘటనలు కావాలి. యంత్రాన్ని పొట్టిచేసి మిగుల్చుకున్నదంతా ఆ నాలుగు రెట్ల నిరీక్షణలోనే కరిగిపోవచ్చు.