25 అడుగుల దూరంలో వినిపించిన పాట: ఫ్లోరిడాలో కారు సంగీతంపై చలానా – సవాలుకు గల న్యాయమార్గాలు

వ్యాససంగ్రహం:
కారులో బిగ్గరగా పాటలు పెట్టినందుకు విధించిన ట్రాఫిక్ చలానాను రెండు విధాలుగా సవాలు చేయవచ్చు. సంఘటనకు సంబంధించిన సాక్ష్యాన్ని ప్రశ్నించడం ఒకటి. చట్టం చెల్లుబాటును ప్రశ్నించడం మరొకటి. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్ర సుప్రీంకోర్టు 2012లో ‘స్టేట్ వర్సెస్ కాటలానో’ కేసులో ఇచ్చిన తీర్పు ఆధారంగా ఈ రెండు మార్గాలను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: శబ్దనియంత్రణ, భావప్రకటన స్వేచ్ఛ, ట్రాఫిక్ చలానా, అతివ్యాప్తి, ఫ్లోరిడా.

1. ఉపోద్ఘాతం:
ఫ్లోరిడా రాష్ట్ర చట్టాల్లోని 316.3045 సెక్షన్ ప్రకారం, వీధిలో ఉన్న వాహనం నుండి వెలువడే రేడియో లేదా టేప్ ధ్వని 25 అడుగులు, అంతకు మించిన దూరంలో స్పష్టంగా వినిపిస్తే అది ఉల్లంఘన. చర్చిలు, పాఠశాలలు, ఆసుపత్రుల పరిసరాల్లో నియమం మరింత కఠినం. వాహనంలో ఉన్నవారు సౌకర్యంగా వినడానికి కావలసినదానికంటే ఎక్కువ ధ్వని అక్కడ ఉండకూడదు. దీనిని నేరంగా పరిగణించరు. జరిమానాతో ముగిసే ట్రాఫిక్ ఉల్లంఘనగానే చూస్తారు. అయితే వాహనాన్ని ఆపడానికి పోలీసు అధికారికి ఈ కారణం చాలు. అందువల్ల జరిమానా చిన్నదైనా ఇందులో ఇమిడి ఉన్న పౌరస్వేచ్ఛ చిన్నది కాదు.

2. సాక్ష్యంపై సవాలు:
భారతదేశంలో 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు నివాసప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లను పరిమితిగా నిర్ణయించాయి. ఫ్లోరిడా నియమంలో డెసిబెళ్ల ప్రసక్తి లేదు. అధికారి చెవే కొలమానం. పాటలోని మాటలు అర్థం కానక్కరలేదు, బాస్ అదురు వినిపించినా సరిపోతుంది. కాబట్టి విచారణలో అడగవలసిన ప్రశ్నలు స్పష్టం: అధికారి ఎంత దూరంలో ఉన్నాడు? ఆ దూరాన్ని ఎలా నిర్ధారించాడు? ధ్వని ఆ వాహనం నుండే వచ్చిందని ఎలా గుర్తించాడు?

చలానా అందిన 30 రోజుల్లోగా జరిమానా చెల్లించడమో, విచారణ కోరడమో చేయాలి. విచారణలో ఉల్లంఘన సహేతుకమైన సందేహానికి తావులేకుండా రుజువు కావాలి. ఇది చోదకునికి అనుకూలాంశం. మరోవైపు, విచారణ కోరినవారు ముందుగా నిర్ణయించిన జరిమానాకే పరిమితమయ్యే హక్కును వదులుకుంటారు. ఓడిపోతే 500 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు.

3. చట్టంపై సవాలు – కాటలానో కేసు:
2007, 2008 సంవత్సరాల్లో పినెల్లాస్ కౌంటీలో చలానాలు అందుకున్న ఇద్దరు చోదకులు చట్టాన్నే ప్రశ్నించారు. కౌంటీ కోర్టు వారి అభ్యర్థనను తిరస్కరించగా, పై న్యాయస్థానాలు అంగీకరించాయి. ప్రభుత్వం రాష్ట్ర సుప్రీంకోర్టును ఆశ్రయించింది.

చోదకుల వాదాల్లో మొదటిది అస్పష్టత. ‘స్పష్టంగా వినిపించడం’ అన్న మాట వినేవారిని బట్టి మారుతుందని వారన్నారు. సామాన్యుడు సైతం ఆ మాటను గ్రహించగలడంటూ సుప్రీంకోర్టు ఈ వాదాన్ని తోసిపుచ్చింది.

రెండవ వాదం నెగ్గింది. వ్యాపార, రాజకీయ ప్రయోజనాలకు వాడే వాహనాలు తమ పనిలో భాగంగా ధ్వనిపరికరాలు ఉపయోగిస్తే వాటికి ఈ చట్టం మినహాయింపునిచ్చింది. మైకు కట్టిన ఎన్నికల ప్రచార వాహనం ఎంత దూరమైనా వినిపించవచ్చు. అదే వీధిలో సొంత కారులో భక్తిగీతం వింటున్న వ్యక్తికి చలానా తప్పదు. రెండూ శబ్దాలే, చెవికి కలిగే ఇబ్బంది ఒకటే. అలాంటప్పుడు భేదం శబ్దతీవ్రతలో కాక, పలుకుతున్న విషయంలో ఉన్నట్లు తేలుతుంది. ఇది అమెరికా రాజ్యాంగ మొదటి సవరణ కల్పించిన భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని న్యాయస్థానం 2012 డిసెంబరు 13న తీర్పు చెప్పింది. చట్టంలో అతివ్యాప్తి దోషాన్ని కూడా గుర్తించింది. లక్షణం లక్ష్యాన్ని దాటి ఇతరాలకూ వర్తించడాన్ని మన శాస్త్రకారులు అతివ్యాప్తి అన్నారు. రక్షణ పొందవలసిన భావప్రకటనను కూడా చట్టం తన పరిధిలోకి లాగడమే ఇక్కడి దోషం.

4. తీర్పు తరువాత:
మినహాయింపును మాత్రమే తొలగించి మిగిలిన చట్టాన్ని నిలబెట్టవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. అలా చేస్తే శాసనసభ ఉద్దేశించని వారికి కూడా చట్టం వర్తిస్తుందని, ఆ విస్తరణ న్యాయస్థానం పని కాదని తీర్పు పేర్కొంది. 2022లో శాసనసభే మినహాయింపును తొలగించి, 25 అడుగుల నియమాన్ని జూలై 1 నుండి తిరిగి అమలులోకి తెచ్చింది. కనుక 2012 నాటి వాదాన్ని నేటి చలానాపై యథాతథంగా ప్రయోగించడం కుదరదు.

5. ముగింపు:
కాటలానో తీర్పు బిగ్గరగా పాటలు వినే హక్కును ప్రసాదించలేదు. ఇతరుల ప్రశాంతత కోసం శబ్దాన్ని నియంత్రించే అధికారం ప్రభుత్వానికి ఉందనీ, ఆ నియంత్రణ అందరి శబ్దానికీ సమానంగా వర్తించాలనీ ఈ తీర్పు ద్వారా గ్రహించవచ్చు. చట్టం ఆ సమానత్వాన్ని సంతరించుకున్న తరువాత చోదకునికి ప్రధానంగా మిగిలినది మొదటి మార్గమే: అధికారి విన్నదానిని, విన్న దూరాన్ని విచారణలో పరీక్షకు పెట్టడం.