108లో ఫోను ఎత్తేవారి పింఛను

మన ఊర్లలో 108 అంటే బండి. డ్రైవరన్న కనిపిస్తడు, సూది వేసే అన్న కనిపిస్తడు. వాళ్లకంటే ముందు ఫోను ఎత్తినవారు మాత్రం మనకు ఎప్పుడూ కనిపించరు. వారు సికింద్రాబాదు మేడ్చల్ రోడ్డున దేవరయాంజాల్ కేంద్రంలో కూర్చుంటరు.

ఈ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. తర్వాత చాలా రాష్ట్రాలు పెట్టుకున్నయి. ఫోను చేస్తే ముందు ఎక్కడ, ఏమైంది అని అడుగుతరు. మన గూడేలకు వీధి పేర్లు, ఇంటి నంబర్లు ఉండవు కదా. "వాగు దాటినంక చింతచెట్టు కాడ" అంటం, అదీ ఏడ్చుకుంట. కొందరి అమ్మలకు తెలుగు సరిగా రాదు. అదంతా ఓపికగా విని, ఏ మండలమో పట్టుకుని, దగ్గరున్న బండికి చెప్పాలె. ఊరు తప్పుగా రాస్తే బండి వేరే ఊరికి పోతది. (ఒకే పేరున్న ఊర్లు ఎన్నో మన హాజరుపట్టీ చూస్తేనే తెలుస్తది.)

ఇక పింఛను సంగతి. పోలీసులు, ఫైరింజనువారు ప్రభుత్వ ఉద్యోగులు. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి పాత పింఛను లేదు గాని, జీతంలో పదోవంతు కోస్తే ప్రభుత్వం కూడా అంతే వేస్తది. 108కి డబ్బు ప్రభుత్వానిది, నడిపేది వేరే సంస్థ. అందుకని ఫోను ఎత్తేవారు సర్కారు ఉద్యోగులు కారు. వారికి పి.ఎఫ్. పింఛనే దిక్కు. 10 ఏండ్ల నౌకరి ఉండాలె, 58 ఏండ్లు నిండాలె. జీతాన్ని నౌకరి ఏండ్లతో గుణించి 70తో భాగిస్తరు. ఆ జీతం 15,000 దాటకూడదని 2014లో పెట్టిన్రు. ఆ లెక్కన 30 ఏండ్లు చేసినవారికి, 20 ఏండ్లు దాటితే కలిపే రెండేండ్లతో సహా, నెలకు 6,857 రూపాయలు. నమ్మలేక రెండుసార్లు చేసి చూసిన.

అమెరికాలోనూ ఇదే తంటా. అక్కడి ప్రభుత్వం 2018లో వేసిన ఉద్యోగాల పట్టీలో 911 ఫోను ఎత్తేవారిని ఆఫీసు గుమాస్తాల వరుసలో రాసిన్రు, పోలీసుల వరుసలో కాదు.

"వాళ్లు కుర్చీలోనే ఉంటరు కదా, ఏం ప్రమాదం?" అని మా గదిలో ఒకామె అన్నది. నిజమే, నిప్పులోకి దూకరు. కాని నొప్పులు పడే తల్లి కేక విని ఫోను పెట్టినంక, ఆమె బతికిందో లేదో చాలాసార్లు తెలియదు. అంతలో ఇంకో ఫోను. రాత్రి డ్యూటీలు వేరే.

పోలీసులకు వేసినట్టు వీరికీ ప్రభుత్వం తన వంతు వేయాలని నేనంట. డబ్బు ఎక్కడిది అంటే, బండిలో డీజిలు ఎవరి డబ్బుతో పోస్తున్నరో వారే ఇయ్యాలె.

— 9వ తరగతి