దోషము కనబడిన చోటనే ఉండదు

వాలుబల్లపై ఉక్కుగుండు దొర్లుచు గంటలు మ్రోగించును. అది క్రిందికి జారిపోవునంతలో ఆటగాడు రెండు చిన్న తెడ్లతో మరల పైకి కొట్టును. ఇదియే పిన్‌బాల్ ఆట. ఈ యంత్రముల నిర్మాణమునకు చిరకాలము కేంద్రము అమెరికాలోని చికాగో నగరము. గాట్‌లీబ్ సంస్థ 1947లో వెలువరించిన 'హంప్టీ డంప్టీ'తో విద్యుత్తుచే కదలు తెడ్లు వచ్చినవి. ఈ ఆటను జూదముగా నెంచి 1942లో నిషేధించిన న్యూయార్కు నగరము 1976లో ఆ నిషేధమును తొలగించినది. ఇంచుమించు ఆ కాలముననే యంత్రగర్భమున రిలేల స్థానమును ఎలక్ట్రానిక్ బోర్డులు ఆక్రమించినవి.

ఆనాటి బాలీ, విలియమ్స్ యంత్రములకు నేడు నలువదియేండ్లు దాటినవి. వానిని కాపాడుకొనువారికి తరచు ఒక చిక్కు ఎదురగును. స్విచ్చి వేసినను యంత్రము మేలుకొనదు. లేదా ఆట నడుమ హఠాత్తుగా మొదటికి వచ్చును. 'మెదడు చెడినది' అని నియంత్రణ బోర్డును మార్చబూనుదురు. పెక్కుసారులు దోషము అచ్చట ఉండదు. దానికి శక్తినిచ్చు బోర్డులో ఉండును.

ఇది తరగతిగదిలోని భౌతికశాస్త్ర పాఠమే. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని తగ్గించును. డయోడ్లు ఏకాంతర విద్యుత్తును ఏకముఖము చేయును. పెద్ద కెపాసిటరు ఒడుదుడుకుల నణచును. రెగ్యులేటరు దానిని 5 వోల్టులవద్ద నిలుపును. విలియమ్స్ యంత్రములలో ఆ కెపాసిటరు సుమారు 12,000 మైక్రోఫారడులది. దానిలోని ద్రవము ఏండ్లు గడచినకొలది ఎండిపోవును. అప్పుడు మీటరు 5 వోల్టులు చూపినను, లోలోపల విద్యుత్తు ఊగిసలాడుచుండును. మీటరును ఏకాంతర విద్యుత్తు కొలతకు మార్చి చూచినచో ఆ అలజడి బయటపడును.

కనుక మూలమునుండి వరుసగా రావలెను. మొదట విద్యుత్తు తొలగించి, ఫ్యూజులను బయటికి తీసి మీటరుతో పరీక్షింపవలెను, కంటిచూపు మోసగించును. తరువాత ఇతర బోర్డుల తీగలను విడదీసి, ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్లు, రెగ్యులేటరు — ఒక్కొక్కదాని ఫలితమును కొలువవలెను. అన్నియు సరియైనచో, విద్యుత్తు ఆపి ఒక బోర్డును కలిపి, మరల కొలిచి చూడవలెను. ఏది కలిపినప్పుడు ఫ్యూజు కాలునో దోషము ఆ వైపున ఉన్నదని తెలియును. మాడిన కనెక్టర్లు, పగిలిన టంకపు అతుకులు కూడ సామాన్య కారణములే.

రెండు తప్పులు మాత్రము క్షమింపరానివి. కాలిన ఫ్యూజునకు బదులు పెద్దది వేసినచో ఫ్యూజు మిగులును, తీగలు మాడును. రెగ్యులేటరును పరీక్షింపక నియంత్రణ బోర్డును కలుపుట రెండవది. అది చెడి 5 వోల్టులకు మించి పంపినచో, నేడు తయారుకాని చిప్పులు క్షణములో బూడిదయగును. ఇంతకంటె ముఖ్యమైనది ప్రాణభయము. బాలీ యంత్రములలో అంకెలు చూపు భాగమునకు సుమారు 190 వోల్టులు అవసరము. స్విచ్చి ఆపినను కెపాసిటరు కొంతసేపు ఆ శక్తిని దాచియుంచును. అనుభవజ్ఞులు ప్రక్కన లేక విద్యార్థులు అందు చేయి పెట్టరాదు.

పాత యంత్రమును బ్రతికించునది క్రొత్త బోర్డు కాదు. ఊహను ప్రక్కకు నెట్టి, కొలిచి, నిర్ధారణ చేసికొను ఓర్పు. ఆ ఓర్పును నేర్పు పాఠము ఒక ఆటబల్ల క్రింద దాగియుండుట విశేషము.