తలుపు తట్టకముందే

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర ఏ జిరాక్స్ షాపు ముందైనా పావుగంట నిలబడండి. పెన్‌డ్రైవ్‌తో ఒకరు, వాట్సాప్‌లో ఫైలుతో ఒకరు వస్తూనే ఉంటారు. ప్రింటర్‌లోంచి జారే రెజ్యూమేలను వరసగా చూస్తే పైన పేరు మారుతుంది, కింద ఊరు మారుతుంది, మధ్యలో అంతా ఒకటే. పేరున్న సంస్థలో సవాళ్లతో కూడిన ఉద్యోగం సంపాదించి సంస్థ ఎదుగుదలకు తోడ్పడటమే లక్ష్యమని మొదటి వాక్యం. కష్టపడతాను, త్వరగా నేర్చుకుంటాను, నలుగురితో కలిసి పనిచేస్తాను అని ఆ తర్వాత. చివర తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇవన్నీ నిజమేనని ఒక ప్రమాణం.

ఆ కాగితాలు తెచ్చిన పిల్లలు మాత్రం ఒక్కలాంటి వాళ్లు కాదు. డిగ్రీ చదువుతూనే ఊళ్లో పాలకేంద్రం లెక్కలు రాసిన అమ్మాయి ఉంటుంది. సెలవులన్నీ మేనమామ ఎరువుల కొట్లో కూర్చుని అరువు ఖాతాలు చూసిన అబ్బాయి ఉంటాడు. అవి కాగితం మీదికి రావు. ఎందుకు రాయలేదమ్మా అంటే, ‘‘అది కూడా ఉద్యోగమేనాండీ?’’ అంటారు. కొత్తగా ఉద్యోగాల వేటలో దిగిన మన పిల్లలు చేసే పెద్ద పొరపాటు ఇదే. తమకు మాత్రమే తెలిసిన పనిని దాచేసి, అందరూ చెప్పే మాటలు చెబుతారు. అవతల కూర్చున్న మనిషి అలాంటి కాగితాలను ఆ ఒక్కరోజే వందల్లో చూస్తాడు. మీరింకా గది తలుపు తట్టకముందే మీ గురించి ఒక అభిప్రాయం ఏర్పడిపోతుంది.

లియొనార్డో పెట్టుకున్న అర్జీ

1482 ప్రాంతంలో, ముప్పై ఏళ్ల వయసులో, లియొనార్డో డావిన్సీ కొలువు కోరుతూ మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకు ఒక ఉత్తరం సిద్ధం చేసుకున్నాడు. దాని చిత్తుప్రతి ఇప్పటికీ మిలాన్‌లో భద్రంగా ఉంది. అప్పటికే ఆయన చెయ్యి తిరిగిన చిత్రకారుడు. అయినా బొమ్మల ఊసు ఉత్తరం చివరికి గానీ రాదు. తేలిగ్గా మోసుకెళ్లే వంతెనలు, కందకాల్లో నీళ్లు తోడించే ఉపాయాలు, ఫిరంగులు, కప్పున్న యుద్ధ శకటాలు... ముందంతా ఇవే. యుద్ధాల కాలంలో ఆ ప్రభువుకు కావలసినవి అవి మరి. శాంతి కాలంలో భవనాలు కడతాను, నీటిని మళ్లిస్తాను, శిల్పాలు చెక్కుతాను, బొమ్మలూ వేస్తాను అన్నది ఆఖరి మాట. వీటిలో ఏది అసాధ్యమనిపించినా మీరు చెప్పిన చోట చేసి చూపిస్తానని ముగించాడు.

ఈ ఉత్తరాన్ని ప్రతి కాలేజీలో ప్లేస్‌మెంట్ శిక్షణ మొదటిరోజున చదివించాలని నా కోరిక. అవతలివాళ్ల అవసరం ముందు, మన సంగతి తర్వాత. చెప్పిన ప్రతిదానికీ రుజువు చేతిలో సిద్ధం. పాలకేంద్రం అమ్మాయి అకౌంట్స్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తోందనుకుందాం. ‘కష్టపడే తత్వం’ అన్న మాట తీసేసి, రోజుకు ఎంతమంది రైతుల పాల లెక్క రాసింది, ఎన్నాళ్లకోసారి డబ్బు పంచింది, తేడా వస్తే ఎలా పట్టుకుంది అన్నది రెండు వరుసల్లో రాస్తే చాలు. ఆ రెండు వరుసలు ఇంకే రెజ్యూమేలోనూ ఉండవు.

మిగతావి చిన్న జాగ్రత్తలే. మెయిల్ ఐడీలో అభిమాన హీరో పేరు వద్దు. ఫైలుకు ‘ఫైనల్ న్యూ 3’ అని కాక మీ పేరు పెట్టండి. ఏ ఉద్యోగానికో మెయిల్ సబ్జెక్టులోనే చెప్పండి. దరఖాస్తులు పంపిన రోజుల్లో తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ‘‘ఎవరూ?’’ అని కసరకండి, అది హెచ్‌ఆర్ కావచ్చు.

ఒక్క విషయంలో మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. లేని కంపెనీ పేరుతో మూడేళ్ల అనుభవం కొనుక్కోమని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. నమ్మకండి. ఉద్యోగంలో చేరాక జరిగే వెరిఫికేషన్‌లో పట్టుబడితే ఆ ఉద్యోగం పోతుంది, ఆ మచ్చ మీతోపాటు తర్వాతి కంపెనీకీ వస్తుంది.

బల్లకు అవతల

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విల్లిస్, టొడొరోవ్ 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక ముఖాన్ని సెకనులో పదోవంతు చూపించినా నమ్మదగినవాడా కాదా అని జనం తేల్చేస్తున్నారు. ఇంకాస్త సమయమిస్తే ఆ తీర్పు పెద్దగా మారలేదు, దాని మీద ధీమా మాత్రం పెరిగింది. అందుకే ఇంటర్వ్యూకు ఇస్త్రీ చేసిన మామూలు చొక్కా, వేళకు పది నిమిషాల ముందు చేరుకోవడం, కంఠతా పట్టని పరిచయం ముఖ్యం. బట్టీ పట్టిన ఇంగ్లిష్ వాక్యం మధ్యలో తెగితే మళ్లీ అతకదు. చెప్పాల్సిన మూడు సంగతులు గుర్తుంచుకుంటే మాట దానంతటదే వస్తుంది.

కానీ భారమంతా ఈ పిల్లల మీదే మోపడం అన్యాయం. మన దేశంలోనే సుఖదేవ్ థొరాట్, పాల్ అటెవెల్ ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకు, అర్హతలు సమానంగా ఉంచి పేర్లు మాత్రం మార్చి, 4,808 దరఖాస్తులు పంపించి చూశారు. 2007లో ఫలితం ప్రచురించారు. అగ్రవర్ణ హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడోవంతు తగ్గింది. ముస్లిం పేరుకు మూడింట రెండు వంతులు తగ్గింది. అక్కడ చొక్కా లేదు, ఇంగ్లిష్ లేదు, ఉన్నది పేరొక్కటే. ప్రభుత్వ కొలువుల్లోనైతే, సిఫార్సులకు తావుండకూడదని కేంద్రం 2016 జనవరి 1 నుంచి కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలే ఎత్తేసింది. ప్రైవేటు కొలువుల్లో అలాంటి కట్టడి లేదు.

కాబట్టి దరఖాస్తులు చదివే హెచ్‌ఆర్ మిత్రులారా, రేపు ఆఫీసులో రెజ్యూమే తెరిచినప్పుడు పేరూ ఊరూ కాలేజీ ఉన్న వరుసలు చేత్తో మూసి, చేసిన పని దగ్గర చదవడం మొదలుపెట్టండి. ఎంపిక చేయని వాళ్లకు కూడా ఆ సంగతి ఒక్క వరుసలో రాసి పంపండి. మీ ఫోను కోసం ఊళ్లో ఇల్లంతా ఎదురుచూస్తూ ఉంటుంది.